మిద్దెలు, పైకప్పులు కడిగే పనికి బండిని సిద్ధం చేసుకోవడం: బెంగళూరులో పనిచేసేవారికి సమగ్ర మార్గదర్శి

అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుర్రవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మిద్దెలు, పెంకుల కప్పులు, ఇంటి బయటి గోడలు కడిగే పని మొదలుపెట్టాలంటే బండిని ఎలా తయారు చేయించుకోవాలి? అడిగినవారిలో చాలామంది అప్పటికే నీటిని ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ మిషను కొనేసి ఉంటారు. ఆ తర్వాత ట్యాంకు కొంటారు, చివరికి ఆ రెండింటినీ మోసే బండి కోసం వెతుకుతారు. ఈ క్రమం తలకిందులుగా ఉంది. ముందు నీటి లెక్క, తర్వాత బరువు లెక్క, ఆపైన బండి, అన్నిటికన్నా చివర మిషను రావాలి. ఈ మార్గదర్శి అదే వరుసలో సాగుతుంది.

1. ముందుగా నీటి లెక్క తేల్చుకోండి

బెంగళూరులో మీకు ఎక్కువగా తగిలేది 30×40 సైటులో కట్టిన ఇల్లు. దాని మిద్దె దాదాపు 1,000 నుంచి 1,200 చదరపు అడుగులు ఉంటుంది. నిమిషానికి 12 లీటర్లు తోసే మిషను గంటలో 720 లీటర్లు వాడుతుంది. అంత నీటిని చిన్న బండిలో మోయడం సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. ఇంటివారి కుళాయి నీరు వస్తూ ఉండగా, కుళాయికీ మిషనుకూ మధ్య తేడాను బండిలోని ట్యాంకు భర్తీ చేస్తే చాలు.

కుళాయి ధారను కొలవడానికి 20 లీటర్ల వాటర్ క్యాను చాలు. క్యాను రెండున్నర నిమిషాల్లో నిండితే ధార నిమిషానికి 8 లీటర్లని అర్థం. మిషనుకు 12 కావాలి కాబట్టి నిమిషానికి 4 లీటర్లు ట్యాంకులో నుంచి తగ్గుతూ వస్తాయి. ఆ లెక్కన 250 లీటర్ల ట్యాంకు సుమారు గంట సేపు నిలుస్తుంది. ట్రిగ్గరు వదిలి చోటు మారిన ప్రతిసారీ ట్యాంకు కొంత కోలుకుంటుంది కనుక, ఒక మిద్దె పనికి ఇది సరిపోతుంది.

ఏ నీరు వాడుతున్నామన్నది కూడా ముఖ్యమే. బెంగళూరు జల మండలి 2024 మార్చిలో తాగునీటిని వాహనాలు కడగడానికి, తోటలకు, నిర్మాణానికి వాడకూడదని ఆదేశించి, రూ.5,000 జరిమానా ప్రకటించింది. మన పనికి జల మండలి ఇచ్చే కావేరి నీటిని అడగకపోవడం మర్యాద, ముందుచూపు కూడా. పని ఒప్పుకునేటప్పుడే బోరు నీటి కుళాయి ఉందా అని అడగండి. బోరు నీటిలో ఉప్పు శాతం ఎక్కువగా ఉంటే కిటికీ అద్దాలపై తెల్లటి మరకలు మిగులుతాయి కాబట్టి, అద్దాలను ఆరకముందే తుడిచేయాలి.

2. బరువు లెక్క కాగితంపై వేయండి

లీటరు నీరు కిలో బరువుంటుంది. తెలిసిన విషయమే అయినా, 500 లీటర్ల ట్యాంకు కొనేటప్పుడు ఇది ఎవరికీ గుర్తు రాదు. బండి ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. సరుకుతో కలిపి అనుమతించిన బరువులో నుంచి ఖాళీ బండి బరువు తీసివేస్తే మీరు మోయగలిగేది తేలుతుంది. మనుషుల బరువు కూడా అందులోనే కలుస్తుందని లెక్క వేసుకోవడం క్షేమం. ఉదాహరణకు 750 కిలోలు మోయగల చిన్న బండికి నేను వేసిన లెక్క ఇది:

- నీరు 300 లీటర్లు: 300 కిలోలు
- ఖాళీ ట్యాంకు: 15
- పెట్రోలు మిషను: 60
- పైపులు, రీళ్లు: 35
- హైపో (పాచిని చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) పంపు, బ్యాటరీ: 25
- హైపో డబ్బాలు రెండు: 70
- చదును నేలను కడిగే గుండ్రటి బ్రష్ యంత్రం: 15
- నిచ్చెన: 20
- ఇనుప ఫ్రేము: 60
- ఇద్దరు మనుషులు: 130
- పనిముట్ల పెట్టె, తాళ్లు, రక్షణ సామగ్రి: 30

కూడితే 760 కిలోలు. చూడటానికి తేలికగా అనిపించిన సామానే పరిమితిని 10 కిలోలు దాటింది. ఈ లెక్కను మార్చగలిగేది నీటి దగ్గరే. ట్యాంకును 250 లీటర్లకు తగ్గిస్తే 710 కిలోలు అవుతుంది, 40 కిలోల వెసులుబాటు మిగులుతుంది. అధిక బరువుకు మోటారు వాహనాల చట్టం ప్రకారం రూ.20,000 జరిమానా, ఆపై అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున పడుతుంది. జరిమానా మాట అలా ఉంచితే, హెబ్బాళ ఫ్లైఓవరు దిగేటప్పుడు బరువెక్కిన బండికి బ్రేకు ఎంత ఆలస్యంగా పడుతుందో ఒకసారి అనుభవమైనవారు మళ్లీ ఆ తప్పు చేయరు.

3. బండిని, కాగితాలను చూసుకోండి

ఒకరిద్దరు పనివాళ్లతో చిన్న ఇళ్లు కడిగేవారికి టాటా ఏస్ తరగతి బండి సరిపోతుంది. హొరమావు, కేఆర్ పురం లోపలి ఇరుకు వీధుల్లో అది తిరిగినంత తేలికగా పెద్ద బండి తిరగదు. విల్లాలు, అపార్టుమెంట్లు ప్రధానమైతే అశోక్ లేలాండ్ దోస్త్ లేదా బొలేరో పికప్ తరగతికి వెళ్లండి. మూసిన కంటైనరు బాడీ కంటే పక్కలు తెరుచుకునే బాడీ మేలని నా అభిప్రాయం, ఎందుకంటే హైపో ఆవిరి మూసిన పెట్టెలో నిలిచిపోయి ఇనుమునూ ఊపిరితిత్తులనూ రెండింటినీ తినేస్తుంది.

- పసుపు నంబరు ప్లేటు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, వాణిజ్య బీమా చెల్లుబాటులో ఉండాలి.
- మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహన) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం స్పష్టం చేసింది.
- ఛాసీకి, అంటే బండి అడుగు చట్రానికి, వెల్డింగ్ చేయించవద్దు. బండి నిర్మాణాన్ని మార్చితే ఆర్టీవో అనుమతి కావాలి. ఊడదీయగలిగే ఫ్రేమును బోల్టులతో బిగిస్తే ఆ చిక్కు రాదు.
- నగరం నడిబొడ్డున రద్దీ వేళల్లో సరుకు బండ్లను అనుమతించని రోడ్లు ఉన్నాయి. ఉదయం ఏడింటికల్లా ఇంటి ముందుండేలా పని ఒప్పుకోండి.

4. ఫ్రేము, ట్యాంకు బిగించే విధానం

మిషను, ట్యాంకు, రీళ్లు అన్నీ ఒకే ఇనుప ఫ్రేముపై కూర్చోవాలి. దాన్ని పీణ్యా పారిశ్రామిక వాడలోని ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా ఎల్ యాంగిళ్లతో చేయించుకోవచ్చు. వెల్డింగ్ పూర్తయ్యాక ప్రైమరు, దానిపై ఎపాక్సీ రంగు రెండు పూతలు వేయించండి. మామూలు ఎనామెల్ రంగు హైపో తుంపరలకు కొద్ది నెలల్లోనే పొక్కులు లేస్తుంది.

నిలువుగా ఉండే నల్లటి సింటెక్స్ రకం ట్యాంకు ఇంటి మిద్దెపైకి మంచిదే గాని బండికి పనికిరాదు. బరువు పైకి చేరి, మలుపుల్లో బండి ఒరుగుతుంది. అడ్డంగా పడుకునే ట్యాంకు తీసుకుని, దాన్ని వెనుక ఇరుసుకు సరిగ్గా పైన లేదా కాస్త ముందుకు పెట్టండి. ఇరుసుకు వెనుకగా పెడితే ముందు చక్రాలపై బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. లోపల అడ్డగోడలు లేని ట్యాంకులో సగం నీటితో ప్రయాణించవద్దు. ప్రతి హంపు దగ్గరా ఆ నీరు ముందుకు, వెనక్కు కొట్టుకుని బిగింపులను వదులు చేస్తుంది. అయితే నిండుగా, లేకపోతే ఖాళీగా నడపండి.

ట్యాంకును తాళ్లతో కాకుండా రాచెట్ బెల్టులతో కట్టాలి. మొదటి వారం ప్రతిరోజూ ఉదయం బోల్టులు, బెల్టులు మళ్లీ బిగించి చూడండి. కొత్త ఫ్రేము సర్దుకునే దాకా అవి సడలుతూనే ఉంటాయి.

5. మిషనును ఎంచుకోండి

కరెంటు మిషనా, పెట్రోలు మిషనా అన్నది సూత్రంతో తేలిపోతుంది. బార్లలో ఒత్తిడిని, నిమిషానికి వచ్చే లీటర్లతో హెచ్చించి 600తో భాగిస్తే కావలసిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. 150 బార్లు, 12 లీటర్లయితే 3 కిలోవాట్లు. పంపు, మోటారులో పోయే నష్టం కలిపితే మూడున్నర దాటుతుంది. ఇంట్లో ఉండే 16 ఆంపియర్ల సాకెట్టు ఇవ్వగలిగింది దాదాపు అంతే. అందువల్ల అంతకన్నా పెద్ద మిషను కావాలంటే పెట్రోలు ఇంజనే దారి.

ఒత్తిడి కంటే నీటి ధార ముఖ్యం. అమ్మేవారు బార్ల సంఖ్యనే గొప్పగా చెబుతారు. కాని మురికిని తోసుకుపోయేది నీటి పరిమాణం. 250 బార్లతో 8 లీటర్లు ఇచ్చే మిషను కంటే, 150 బార్లతో 13 లీటర్లు ఇచ్చేది మిద్దె పనిని త్వరగా ముగిస్తుంది, సిమెంటు పైపొరనూ చెక్కేయదు.

6. పంపుకు నీరందించే పైపు

మిషన్లు చెడిపోవడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది ఇదే. ట్యాంకు అడుగు పంపు నోటి కంటే ఎత్తులో ఉండాలి. మధ్య పైపు అంగుళం వ్యాసంతో, లోపలికి పీల్చుకుపోని గట్టి రకంగా, వీలైనంత పొట్టిగా ఉండాలి. విప్పి కడగగలిగే జాలి ఫిల్టరును పంపుకు ముందే బిగించండి.

నీరు చాలకపోతే పంపు చెప్పేస్తుంది. చేతిలోని గన్ను వణుకుతుంది, ధార తెగుతూ వస్తుంది, పంపులో గులకరాళ్లు గిలక్కొట్టినట్టు చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వినిపించిన క్షణంలోనే ఇంజను ఆపాలి. మరో పది నిమిషాలు నెట్టుకొద్దామనుకుంటే సీళ్లు, వాల్వులు రెండూ మార్చుకోవలసి వస్తుంది. అలాగే ట్రిగ్గరు వదిలి రెండు మూడు నిమిషాలకు మించి ఇంజనును నడవనివ్వవద్దు. ఉన్న నీరే పంపులో తిరిగి తిరిగి వేడెక్కి సీళ్లను పాడుచేస్తుంది.

7. హైపో లైనును విడిగా నడపండి

పాచి, నల్లటి బూజు ఒత్తిడితో పైపైనే పోతాయి, వేళ్లు మిగిలి తర్వాతి వానకాలానికే తిరిగి వస్తాయి. వాటిని చంపేది సోడియం హైపోక్లోరైట్. పనివాళ్లందరూ హైపో అనే పిలుస్తారు. రంగు వేసిన గోడలకు, మంగళూరు పెంకులకు హైపోతో తడిపి తక్కువ ఒత్తిడితో కడగడమే సరైన పద్ధతి.

హైపోను ఎప్పుడూ ప్రెషర్ మిషను గుండా పంపకూడదు. దానికి 12 వోల్టుల బ్యాటరీతో నడిచే, నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు తోసే డయాఫ్రం పంపును విడిగా పెట్టండి. దాని లోపలి సీళ్లు విటాన్ లేదా ఈపీడీఎం రబ్బరువై ఉండాలి. వాల్వులు, కనెక్టర్లు, జాయింట్లు అన్నీ పీవీసీ లేదా పాలీప్రొపిలీన్‌వి కావాలి. షాపులో తేలికగా దొరికేది ఇత్తడి కప్లింగు. ఒక్కటే కదా అని పెడితే, కొన్ని వారాల్లో దాని మరల చుట్టూ పచ్చటి చిలుము పేరుకుని, చేత్తో తిప్పినా స్పానరుతో తిప్పినా కదలకుండా, ఒకరోజు పని మధ్యలో మర దగ్గరే విరుగుతుంది. ఇత్తడి, అల్యూమినియం, మామూలు ఇనుము ఈ లైనులో ఎక్కడా ఉండకూడదు.

పంపుకు ముందు మూడు దారుల వాల్వు పెట్టండి. ఒక దారి హైపో మిశ్రమానికి, మరొకటి మంచినీళ్లకు (అంటే హైపో కలపని మామూలు నీళ్లకు). పని ముగిసే ముందు వాల్వు తిప్పి ఐదు నిమిషాలు మంచినీళ్లు పోనిస్తే పంపు ఆయుష్షు రెట్టింపవుతుందని నా అనుభవం.

మిశ్రమం లెక్క ఇలా ఉంటుంది. మీ చేతికి వచ్చిన హైపో 10 శాతం బలంతో ఉందనుకుంటే:

- గోడలకు 1 శాతం: 1 లీటరు హైపో, 9 లీటర్ల నీరు
- పాచి పట్టిన పెంకులకు, సిమెంటు మిద్దెకు 3 శాతం: 3 లీటర్ల హైపో, 7 లీటర్ల నీరు

ఎండకు, వేడికి హైపో బలం తగ్గిపోతుంది. నెల కిందటి డబ్బాను కొత్తదానిగా లెక్కవేయవద్దు. వారానికి సరిపడా మాత్రమే కొని, నీడలో ఉంచి, బండిలో ఆ రోజుకు కావలసినంతే తీసుకెళ్లండి.

డబ్బా మూత గాలి వదిలే రకంగా ఉండాలి, లేదంటే మధ్యాహ్నానికి డబ్బా ఉబ్బుతుంది. డబ్బాల కింద లోతైన ప్లాస్టిక్ ట్రే పెట్టండి. ఇంజనుకు, పెట్రోలు క్యానుకు ఎదురు వైపున వాటి స్థానం ఉండాలి. బాత్రూములు కడిగే ఆసిడ్‌ను ఈ బండిలో ఎక్కించనే వద్దు, ఎందుకంటే హైపోలో ఆసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరు విషయమూ అంతే. డబ్బాపై పేరును మీ పనివాడు చదవగలిగే భాషలో, తెలుగో కన్నడమో తమిళమో, పెద్ద అక్షరాలతో రాయించండి.

8. పైపులు, నాజిళ్లు, నిచ్చెన

3/8 అంగుళాల ఉక్కు అల్లిక ఉన్న ప్రెషర్ పైపు 50 మీటర్లు ఉంటే, వీధిలో బండి నిలిపి మూడో అంతస్తు మిద్దె వరకూ చేరుకోవచ్చు. అంతకన్నా సన్నని పైపులో ఒత్తిడి దారిలోనే తగ్గిపోతుంది. నాజిళ్లను రంగును బట్టి గుర్తించండి, అంకె ధార విచ్చుకునే కోణం: ఎరుపు 0 డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు 65. ఎరుపు నాజిల్‌ను పెట్టెలో ఉంచుకోకపోవడమే మంచిది, పొరపాటున బిగిస్తే గోడ ప్లాస్టరును గీత గీసినట్టు కోస్తుంది.

బెంగళూరు వీధుల్లో కరెంటు తీగలు బాల్కనీలకు చేయి చాచితే అందేంత దగ్గరగా ఉంటాయి. అందుకే అల్యూమినియం నిచ్చెన, అల్యూమినియం గెడ వద్దు, ఫైబర్‌గ్లాసువే కొనండి. నిచ్చెన బాడీ వెనుకకు పొడుచుకు రాకూడదు. సరుకు బాడీని దాటి బయటకు ఉంటే దానికీ రూ.20,000 జరిమానా ఉంది. కాబట్టి మడతపెట్టే నిచ్చెననే ఎంచుకోండి.

9. మనుషుల రక్షణ

- ఐఎస్ 3521 ముద్ర ఉన్న పూర్తి శరీర బెల్టు, తాడు: పిట్టగోడ లేని అంచుకు, వాలు కప్పుకు తప్పనిసరి.
- ఆసిడ్ వాయువులను ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు: బట్ట మాస్కు, ఎన్95 మాస్కు క్లోరిన్ ఆవిరిని ఆపలేవు.
- పక్కలు మూసిన కళ్లద్దాలు, మోచేతుల వరకూ రబ్బరు గ్లౌజులు, గమ్‌బూట్లు.
- కళ్లు కడుక్కోవడానికి 20 లీటర్ల శుభ్రమైన నీళ్ల క్యాను: దీన్ని వేరే ఏ పనికీ వాడకూడదు.
- కరెంటు మిషను వాడేవారికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు.

ఆస్బెస్టాస్ రేకుల కప్పు పనిని ఒప్పుకోవద్దు. కాలు పెడితే రేకు విరుగుతుంది, ఒత్తిడితో కడిగితే ఊపిరితిత్తులకు హాని చేసే సన్నని పోగుల ధూళి లేస్తుంది. డబ్బు ఎంత ఇస్తామన్నా వదులుకోవలసిన పని ఇది.

10. వాడే వరుసలోనే సామాను సర్దండి

ఈ పాఠం నాకు ఒక తప్పు వల్ల వచ్చింది. మొదటి సంవత్సరంలో మారతహళ్లి దగ్గర ఒక ఇంటి మిద్దెకు హైపో కొట్టి, పదిహేను నిమిషాలు ఆగి, కడగడం మొదలుపెట్టాను. తూములో నుంచి నీళ్లు చక్కగా దిగిపోతున్నాయని సంతోషించాను. కిందికి వచ్చి చేతులు కడుక్కోబోతే కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన గుప్పుమంది. వాననీటి పైపు నేరుగా సంపులోకి వెళుతోందని అప్పుడు తెలిసింది. సంపు మొత్తం తోడించి, కడిగించి, రెండు ట్యాంకర్ల నీళ్లు పోయించేసరికి ఆ పనిలో వచ్చినదానికంటే పోయింది ఎక్కువ. ఆ ఇంటి పెద్దావిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

కొత్తగా కట్టే ఇళ్లకు బెంగళూరులో 30×40 సైటు నుంచే వాననీటి సేకరణ తప్పనిసరి. కాబట్టి మీరు ఎక్కే చాలా మిద్దెల తూములు సంపులోకే దారి తీస్తాయి. అప్పటి నుంచి నా బండి వెనుక తలుపు తీయగానే చేతికి తగిలేవి నాలుగు రబ్బరు బిరడాలు, తడిగుడ్డల సంచి, తూము నీటిని మళ్లించే పది మీటర్ల మడత పైపు. వాటిని దాటకుండా హైపో డబ్బా అందదు. మీ బండిలోనూ సామాను ఇదే వరుసలో ఉండాలి:

- తలుపు దగ్గర: బిరడాలు, మళ్లింపు పైపు, కుళాయి పైపు, మొక్కలు కప్పే ప్లాస్టిక్ షీట్లు
- మధ్యలో: రక్షణ సామగ్రి, రీళ్లు, గన్ను, నాజిళ్ల పెట్టె
- లోపల, ట్రేలో: హైపో డబ్బాలు, హైపోకు విరుగుడుగా సోడియం థయోసల్ఫేట్

మిద్దెపైకి ఎక్కగానే చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. వాననీటి పైపుకు మొదటి నీటిని బయటకు వదిలే వాల్వు ఉంటే దాన్ని తెరిచి, సంపు వైపు దారిని మూసేయండి. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత బిగించి ఉందో లేదో చూడండి. సోలార్ హీటరు గాజు గొట్టాలు ఎండకు కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు పడితే పగులుతాయి కాబట్టి వాటి చుట్టూ పొద్దున్నే కడిగేయండి. తులసికోటను, కుండీలను ముందు మంచినీళ్లతో బాగా తడిపి, తర్వాత కప్పి, పని అయ్యాక మళ్లీ తడపండి. మళ్లింపు పైపును వీధి వాననీటి కాలువలోకి వదలవద్దు. ఆ నీరు చెరువులకు చేరుతుంది. థయోసల్ఫేట్‌తో విరిచి, డ్రైనేజీ ఛాంబరులోకి పంపండి.

11. తొలి పరీక్ష సొంత చోటనే చేయండి

1. ట్యాంకు నింపి, వేబ్రిడ్జిపై బండిని తూచండి. కాగితంపై వేసిన లెక్కతో పోల్చండి.
2. నిండు ట్యాంకుతో ఐదారు కిలోమీటర్లు హంపులున్న దారిలో నడిపి, బిగింపులన్నీ తిరిగి చూడండి.
3. హైపో లైనులో మొదట మంచినీళ్లే పోసి, అరగంట నడిపి, ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి కారుతోందేమో గమనించండి.
4. మిషను నడుపుతూ ఒక క్యాను నింపి, నిజంగా నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో కొలవండి.
5. మీ సొంత మిద్దెపై ఒక చదరపు గజం మేర 3 శాతం మిశ్రమం కొట్టి, పది పదిహేను నిమిషాలు ఆరనివ్వకుండా ఉంచి కడగండి. నాజిల్ ఎంత దూరంలో ఉంటే సిమెంటు చెక్కుకుపోకుండా ఉందో గుర్తుపెట్టుకోండి.

12. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

కడిగాక గోడపై చారలు మిగిలాయి. మిశ్రమం ఎండలో ఆరిపోయిందన్నమాట. మళ్లీ పలుచగా తడిపి, నీడ వైపు నుంచి కింది నుంచి పైకి పూసి, పై నుంచి కిందికి కడగండి.

పెంకుల కప్పు కడిగితే ఇంట్లోకి నీరు కారింది. ధార కింది నుంచి పైకి కొట్టి ఉంటారు. మంగళూరు పెంకులపై ఎప్పుడూ మొగరం (కప్పు పైకొన) నుంచి చూరు వైపే నీరు పారాలి, ప్రెషర్ గన్నుకు బదులు హైపో పంపులో మంచినీళ్లతోనే కడగాలి.

ధార ఒక్కసారిగా బలహీనపడింది. ముందు ఫిల్టరు జాలిని, తర్వాత నాజిల్ రంధ్రాన్ని, ఆ తర్వాత పీల్చే పైపు క్లాంపులను చూడండి. పదిలో తొమ్మిదిసార్లు ఈ మూడింటిలోనే తప్పు దొరుకుతుంది. పంపును విప్పడం చివరి పని.

హైపో పంపు తిరుగుతోంది గాని ద్రవం రావడం లేదు. నిన్న మంచినీళ్లతో కడగకుండా వదిలేస్తే లోపలి వాల్వుల్లో ఉప్పు గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్లు పోసి కొంతసేపు నానబెట్టి, మళ్లీ నడపండి.

13. రోజు ముగిసేటప్పుడు

- తూముల్లోని బిరడాలు నాలుగూ లెక్కపెట్టి తీసుకున్నారా?
- మిద్దెను, తూము నోటిని మంచినీళ్లతో రెండోసారి కడిగాకే వాననీటి పైపును సంపుకు తిరిగి కలిపారా?
- హైపో లైనులో ఐదు నిమిషాలు మంచినీళ్లు పోనిచ్చారా?
- ఇంజను ఆపాక ట్రిగ్గరు నొక్కి, పైపులో మిగిలిన ఒత్తిడిని వదిలేశారా?
- ట్యాంకును పూర్తిగా ఖాళీ చేశారా?
- ఫ్రేమును, బండి బాడీని మంచినీళ్లతో కడిగి, బ్యాటరీ వైరును విప్పారా?
- మిగిలిన హైపో డబ్బాలను బండిలో నుంచి దించి, నీడలో, పిల్లలకు అందని చోట పెట్టారా?